పాపాయి ఆరోగ్యం: నెలలు నిండని బిడ్డ బరువుకీ, కంటిచూపుకీ ఏమిటి సంబంధం?

మామూలుగా ఈ పేజీలో జలుబు దగ్గర్నుంచి అన్నప్రాసన దాకా అన్నీ కలిపి రాస్తుంటాను. ఈసారి మాత్రం వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజీల్లో ఎక్కువ భాగం నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గురించే, అందులోనూ వాళ్ల కళ్ల గురించే ఉన్నాయి. అందుకని మిగతావి వచ్చే నెలకి వాయిదా వేసి, ఇవే తీసుకున్నాను. పేర్లు వేయలేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

డాక్టర్ గారూ, నాకు 29వ వారంలోనే కాన్పయిపోయింది. పాప పుట్టినప్పుడు 1150 గ్రాములు. మొదట 1060కి తగ్గి, రెండు వారాలకి మళ్లీ పుట్టిన బరువుకి వచ్చింది. ఇప్పుడు మూడు వారాలు నిండాయి, 1230 ఉంది, ఇంకా బాక్సులోనే ఉంది. నిన్న రౌండ్స్‌కి వచ్చిన పిల్లల డాక్టరు "బరువు నిదానంగా పెరుగుతోంది, కళ్లు జాగ్రత్తగా చూపించాలి" అన్నారు. బరువుకీ కళ్లకీ ఏంటండీ సంబంధం? ఆ మాట విన్నప్పటి నుంచి మా అత్తగారు నా పాలు చాలట్లేదనే అంటున్నారు.
– ఒక తల్లి, గాజువాక

మీ అత్తగారి సంగతి తర్వాత చూద్దాం గానీ తల్లీ, ముందు డాక్టరు చెప్పిన మాట నిజమే. సంబంధం ఉంది, అదీ దగ్గరి సంబంధమే.

కంటి వెనక గోడకి రెటీనా అని ఒక పల్చటి పొర ఉంటుంది, చూపంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆ పొరకి రక్తం అందించే నాళాలు కడుపులో బిడ్డకి 16వ వారం ప్రాంతంలో కంటినరం దగ్గర మొదలై మెల్లగా అంచుల వైపు పాకుతాయి. ముక్కు వైపు అంచుకి 36 వారాలకి, చెవి వైపు అంచుకి దాదాపు 40 వారాలకి చేరతాయి. మీ పాప 29 వారాలకే బయటికొచ్చేసింది కాబట్టి, కాలువ నీళ్లు శివారు పొలాలకి అందకముందే లాకులు దించేసినట్టు, రెటీనా అంచులకి ఇంకా నాళాలు చేరలేదు.

మరి బయటికొచ్చాక అవి ఎందుకు పెరగవు? ఇక్కడే బరువు సంగతి వస్తుంది. నాళాలు పాకడానికి రెండు పదార్థాలు ముఖ్యం. ఒకటి వీఈజీఎఫ్, రక్తం అందని చోట "ఇక్కడికి నాళం కావాలి" అని కబురు పంపేది. రెండోది ఐజీఎఫ్-1, ఇన్సులిన్‌ని పోలిన ఎదుగుదల కారకం. ఈ రెండోది తగినంత లేకపోతే మొదటిది ఎంత కబురు పెట్టినా నాళాల కణాలు సరిగ్గా స్పందించవు. బోస్టన్‌లో లోయిస్ స్మిత్, స్వీడన్‌లో ఆన్ హెల్‌స్ట్రోమ్ బృందాలు కలిసి 2001లో ఈ సంగతి బయటపెట్టాయి. పుట్టాక ఐజీఎఫ్-1 ఎక్కువ కాలం తక్కువగా ఉండిపోయిన పిల్లలకే ఆర్‌ఓపీ అనే కంటి జబ్బు (నెలలు నిండని పిల్లలకి వచ్చే రెటీనా జబ్బు) ఎక్కువ వస్తోందని వాళ్లు చూశారు. కడుపులో ఉన్నంతకాలం, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, బిడ్డ రక్తంలో ఈ ఐజీఎఫ్-1 పెరుగుతూ పోతుంది. నెలలు నిండకుండా పుట్టగానే మాయ నుంచి వచ్చే ఆసరా తెగిపోయి అది ఒక్కసారిగా పడిపోతుంది. ఆ తర్వాత బిడ్డ కాలేయమే దాన్ని తయారు చేసుకోవాలి, దానికి తిండి కావాలి, ప్రోటీన్ కావాలి, ఇన్‌ఫెక్షన్లు లేకుండా ఉండాలి.

అంటే మీ పాప తూకంలో కనిపించే గ్రాములు లోపల ఐజీఎఫ్-1 ఎలా ఉందో చెప్పే ఆనవాళ్లు. రోజూ రక్తం తీసి అది కొలవక్కర్లేదు, తూకమే చెబుతుంది. స్వీడన్ వాళ్లు పుట్టిన వారాలు, వారం వారం బరువు తీసుకుని ఏ బిడ్డకి కంటి ప్రమాదం ఎక్కువో ముందే హెచ్చరించే విన్‌రాప్ అనే పద్ధతి కూడా తయారు చేశారు.

జబ్బు రెండు దశల్లో నడుస్తుంది. పుట్టిన కొత్తలో ఆక్సిజన్ ఎక్కువ, ఐజీఎఫ్-1 తక్కువ, నాళాలు పెరగడం ఆగిపోతుంది. అప్పుడు కంట్లో చూసినా పెద్దగా ఏమీ కనిపించదు. తర్వాత, కడుపులో ఉన్న వారాలూ పుట్టాక గడిచిన వారాలూ కలిపి 32, 34 వారాలు అయ్యేసరికి, నాళాలు చేరని రెటీనా ఎదిగి ఆక్సిజన్ కోసం అల్లాడుతుంది, వీఈజీఎఫ్ విపరీతంగా వచ్చిపడుతుంది, అప్పటిదాకా ఆగిన నాళాలు ఇష్టం వచ్చినట్టు, రెటీనా దాటి కంటి లోపలి జెల్లీలోకి కూడా పెరుగుతాయి. అవి గుంజుకుపోతే రెటీనా ఊడిపోతుంది. దీన్నే ఆర్‌ఓపీ అంటాం. మీ పాప లెక్క 29, 3 కలిపి 32 వారాలు. డాక్టరు ఆ మాట ఇప్పుడే అనడానికి కారణం అదే.

ఇక పాల లెక్క. ఇంత చిన్న పిల్లలు కిలో బరువుకి రోజుకి 15 నుంచి 20 గ్రాములు పెరగాలని చూస్తాం. మీ పాప గడిచిన వారంలో 80 గ్రాములు పెరిగింది, అంటే కిలోకి రోజుకి దాదాపు 10. పెరగట్లేదని కాదు, చాలినంత పెరగట్లేదు. పూర్తి పాలు అంటే కిలోకి రోజుకి 180 మిల్లీలీటర్లు అనుకోండి, మీ పాపకి 220 దాకా వస్తుంది, రెండు గంటలకోసారి పడితే విడతకి 18 మి.లీ. దాంతో కేలరీలు సరిపోతాయి. ప్రోటీన్ మాత్రం సరిపోదు, ఎందుకంటే 100 మి.లీ. తల్లిపాలలో గ్రాముకి కాస్త పైన మాత్రమే ఉంటుంది. అంటే 220 మి.లీ. తాగినా రెండున్నర, మూడు గ్రాముల దగ్గర ఆగిపోతాం. ఈ బరువు బిడ్డకి కిలోకి మూడున్నర నుంచి నాలుగు గ్రాములు కావాలి. ఆ లోటు మీ పాల తప్పు కాదు. నెలలు నిండిన బిడ్డ కోసం ప్రకృతి చేసిన పాలు అవి. అందుకే డాక్టర్లు చిన్న ప్యాకెట్లలో వచ్చే ఫోర్టిఫయర్ అనే పొడి తల్లిపాలలో కలిపి ఇస్తారు. మీ పాపకి మొదలుపెట్టారా, లేదా, ఎప్పుడు పెడతారు అని రేపు రౌండ్స్‌లో అడగండి. మొహమాటపడకండి.

పోతపాలు పట్టేద్దామా అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. వద్దు. తల్లిపాలు తాగే పిల్లల్లో పేగులు కుళ్లే జబ్బు తక్కువ, ఇన్‌ఫెక్షన్లు తక్కువ, ఈ కంటి జబ్బు కూడా తక్కువని చాలా చోట్ల చూశారు. విడతకి ఇంకో 5 మి.లీ. ఎక్కువ పట్టమని అడిగితే నర్సు పట్టనంటే, అది కూడా ఆ పేగుల భయంతోనే. పాలు రోజూ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెళ్తారు.

మీరు చేయగలిగినవి రెండున్నాయి. పాలు పిండేటప్పుడు మొదట పల్చగా వచ్చేవి మాత్రమే తీసి ఆపేయకండి, చివర్లో వచ్చే చిక్కటి పాలలోనే కొవ్వు ఎక్కువ, రొమ్ము ఖాళీ అయ్యేదాకా పిండండి, రాత్రి కూడా ఒకటి రెండుసార్లు లేచి పిండండి, రోజుకి మొత్తం ఎనిమిది సార్లకి తగ్గకూడదు. రెండోది కంగారూ కేర్. పాపని డయపర్, టోపీ తప్ప ఏమీ లేకుండా మీ గుండెకి ఆనించి పట్టుకోవడం. ఒళ్లు వెచ్చగా ఉంటే ఆ వెచ్చదనం కోసం ఖర్చయ్యే కేలరీలు ఎదుగుదలకి మిగులుతాయి, పాలూ బాగా పడతాయి. మీకు నీరసంగా ఉంటే మీ ఆయన్ని కూర్చోబెట్టండి. చొక్కా విప్పి నాన్న కూడా చేయొచ్చు, అత్తగారూ చేయొచ్చు. అసలు అత్తగారికి ఆ పని అప్పజెబితే పాల సంగతి మాట్లాడే తీరిక ఉండదు.

అమ్మా, నా మనవడు 7 నెలలకే పుట్టాడు. ఆక్సిజన్ ఎక్కువ పెట్టడం వల్లే కళ్లు పాడయ్యాయని మా చుట్టాలు అంటున్నారు. ఇప్పుడు లేజర్ చేయాలంటున్నారు. అసలు ఆక్సిజన్ పెట్టకుండా ఉండాల్సిందా?
– ఒక అమ్మమ్మ, మధురవాడ

అమ్మగారూ, ఆక్సిజన్ పెట్టకపోతే ఈ రోజు మీరు కళ్ల గురించి అడిగే అవకాశమే ఉండేది కాదేమో. కోపం తెచ్చుకోకండి, విషయం అలాంటిది.

మీ చుట్టాలు అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఈ జబ్బుని మొదటిసారి 1942లో బోస్టన్‌లో టెర్రీ అనే కంటి డాక్టరు వర్ణించాడు. అప్పట్లో కొత్తగా వచ్చిన మంచి ఆసుపత్రుల్లోనే, కొత్త కొత్త ఇన్‌క్యుబేటర్లు ఉన్న చోటే పిల్లలు చూపు కోల్పోతుంటే ఎవరికీ అంతుబట్టలేదు. పదేళ్లకి పైగా పట్టింది, అదుపు లేకుండా ఇస్తున్న ఆక్సిజనే దానికి కారణమని తేలడానికి. దాంతో అందరూ ఆక్సిజన్ బిగించేశారు, చూపు పోయేవాళ్లు తగ్గారు, కానీ ఊపిరాడక చనిపోయే పిల్లలు పెరిగారు. ఈ తూకం ఇంకా పూర్తిగా తేలలేదు. 2010లో అమెరికాలో పెద్ద పరిశోధన చేసి, రక్తంలో ఆక్సిజన్ శాతం 85–89 మధ్య ఉంచిన పిల్లల్ని, 91–95 మధ్య ఉంచిన పిల్లల్ని పోల్చారు. తక్కువ ఉంచిన వాళ్లలో తీవ్రమైన కంటి జబ్బు తగ్గింది, మరణాలు పెరిగాయి. అందుకే ఇప్పుడు దాదాపు అందరూ 90కి కాస్త పైనుంచి 95 లోపు ఉంచుతారు. బిడ్డ పాదానికి కట్టిన ఎర్రలైటు చూపించే అంకె అదే. ఆక్సిజన్ పెట్టి ఉండగా అది అస్తమానం 99, 100 చూపిస్తుంటే తగ్గించమని అడగడంలో తప్పులేదు.

కానీ ఆక్సిజన్ ఒక్కటే దోషి కాదు. ఎన్ని వారాలకి పుట్టాడు, ఎంత బరువు, ఇన్‌ఫెక్షన్ వచ్చిందా, రక్తం ఎక్కించాల్సి వచ్చిందా, మొదటి వారాల్లో చక్కెర పెరిగిందా, తిండి ఎంత అందింది, ఇవన్నీ కలుస్తాయి. ఆక్సిజన్ చాలా జాగ్రత్తగా ఇచ్చిన చోట కూడా మరీ చిన్న పిల్లలకి ఆర్‌ఓపీ వస్తూనే ఉంది. ఎవరిది తప్పు అన్న పంచాయితీ తర్వాత పెట్టుకోవచ్చు. లేజర్ అన్నారంటే రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. ముహూర్తాలు, రెండో అభిప్రాయాలు అంటూ వారం గడపొద్దు. రెండో అభిప్రాయం కావాలంటే ఇవాళే తీసుకోండి.

మాకు కవలలు. 33 వారాలకి పుట్టారు. బాబు 1900, పాప 1650. ఇద్దరూ చక్కగా బరువు పెరుగుతున్నారు, బాబు అయితే నెల తిరక్కుండానే 2400 దాటాడు. ఆక్సిజన్ కూడా ఒక్కరోజే పెట్టారు. బరువు పెరిగితే కళ్లకి ప్రమాదం లేదని ఒక వీడియోలో విన్నాను. ఇంటి దగ్గర పనులతో కుదరట్లేదు, పరీక్ష మానేయొచ్చా?
– ఒక తండ్రి, అనకాపల్లి

మానేయకూడదు. ఈ ఒక్క ప్రశ్న కోసమే ఈ నెల పేజీ అంతా ఈ విషయానికి ఇచ్చాననుకోండి.

బరువు బాగా పెరగడం మంచి సూచనే, మొదటి జవాబులో అంతసేపు అదే చెప్పాను. కానీ అది ప్రమాదాన్ని తగ్గిస్తుంది, లేదని చెప్పదు. ఆ స్వీడన్ విన్‌రాప్ లెక్కలు అక్కడి పిల్లల మీద కట్టినవి. మన దగ్గర, ఇంకా కొన్ని దేశాల్లో అదే పద్ధతి వాడి చూస్తే తీవ్రమైన జబ్బు ఉన్న పిల్లల్ని కొందరిని పట్టుకోలేకపోయింది. అమెరికాలో 1500 గ్రాములు, లేదా 30 వారాలు, ఆ లోపు వాళ్లకే తప్పనిసరిగా చూస్తారు. మన దేశంలో అంతకంటే పెద్ద పిల్లలకి, ఎక్కువ వారాల పిల్లలకి కూడా ఈ జబ్బు వస్తోంది కాబట్టే మన గీత వేరు: 2000 గ్రాముల లోపు పుట్టినా, 34 వారాల లోపు పుట్టినా, పరీక్ష తప్పదు. 34 నుంచి 36 వారాల వాళ్లకి కూడా ఆక్సిజన్, ఇన్‌ఫెక్షన్, రక్తం ఎక్కించడం లాంటివేమైనా జరిగితే చూపించాలి. మీ పిల్లలిద్దరూ రెండు లెక్కల్లోనూ వస్తారు. ఇప్పటి 2400 చూడకండి, పుట్టినప్పటి 1900 చూడండి.

ఎప్పుడు అంటే, పుట్టిన 30 రోజుల్లోపు మొదటి పరీక్ష అయిపోవాలి. 28 వారాల లోపు పుట్టినవాళ్లకీ, 1200 గ్రాముల లోపు వాళ్లకీ ఇంకా ముందే, రెండు మూడు వారాలకే. బిడ్డ ఇంటికి వచ్చేశాడు, పాలు తాగుతున్నాడు, లైటు వైపు చూస్తున్నాడు అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. బయటికి ఏమీ కనిపించదు, కన్ను ఎర్రబడదు, నీరు కారదు. కంటిపాపలో తెల్లగా కనపడి మీరు పరిగెత్తుకొచ్చేసరికి రెటీనా ఊడిపోయి ఉంటుంది, అప్పుడు ఆపరేషన్ చేసినా వచ్చే చూపు చాలా తక్కువ. ఇద్దరినీ ఒకే రోజు తీసుకెళ్లండి.

నేను ఉక్కునగరంలో ఉంటాను. మా బాబు 27 వారాలకి పుట్టాడు. నెట్‌లో చదివితే ఐజీఎఫ్-1 తక్కువైతేనే ఇదంతా అని ఉంది. మరి ఆ ఐజీఎఫ్-1నే బయటి నుంచి ఇచ్చేయొచ్చు కదా? ఇంకో డౌటు: కంట్లో వీఈజీఎఫ్‌ని ఆపే ఇంజెక్షన్ వేస్తామంటున్నారు, వీఈజీఎఫ్ బిడ్డ ఎదుగుదలకి అవసరం కదా, దాన్ని ఆపితే ఎలా?

రెండూ మంచి ప్రశ్నలు, డాక్టర్ల మీటింగుల్లో అడిగే స్థాయివి.

మొదటిది వాళ్లకీ తట్టింది, చేసి చూశారు. 28 వారాల లోపు పిల్లలకి ఐజీఎఫ్-1ని, దాన్ని మోసే ప్రోటీన్‌తో కలిపి, నరంలోకి నిరంతరం ఎక్కించారు. ఫలితాలు 2019లో వచ్చాయి. కంటి జబ్బు తగ్గలేదు. విచిత్రంగా తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు మాత్రం తగ్గినట్టు కనిపించింది. ఎందుకు తగ్గలేదంటే చాలా వాదనలున్నాయి, అనుకున్న మోతాదు రక్తంలో చాలామందికి అందలేదన్నది ఒకటి. ఏదైనా, ఇప్పుడు మీ బాబుకి రాసిచ్చే మందు కాదది. జిమ్ముల్లో కండల కోసం ఆ పేరుతో ఏవేవో అమ్ముతుంటారు, వాటి జోలికి ఎవరూ వెళ్లొద్దు. బాబుకి అందాల్సిన ఐజీఎఫ్-1 అంతా అతని కాలేయం నుంచే రావాలి. అందుకు దారి మొదటి రోజు నుంచే సెలైన్‌లో అమినో ఆమ్లాలు, కొవ్వు ఇవ్వడం, వీలైనంత త్వరగా తల్లిపాలు మొదలుపెట్టడం.

రెండో డౌటు నిజంగా ఆలోచించాల్సింది. జబ్బు ముదిరాక రెండు దార్లు. లేజర్ అయితే నాళాలు చేరని అంచు రెటీనాని కాలుస్తారు, వీఈజీఎఫ్ పుట్టే చోటునే లేకుండా చేస్తారు. మధ్య చూపు దక్కుతుంది, పక్క చూపు కొంత పోతుంది, మైనస్ పవర్ రావచ్చు. ఇంజెక్షన్ అయితే రాణిబిజుమాబ్ లేదా బెవాసిజుమాబ్ సన్నని సూదితో కంటి లోపలికి ఇస్తారు, కొద్ది నిమిషాల పని, రెటీనా మధ్యభాగం దగ్గర్లోనే జబ్బున్న పిల్లలకి బాగా పనిచేస్తుంది. కానీ మీరు భయపడ్డట్టే ఆ మందు కొంత రక్తంలోకి వెళ్తుంది, కొన్నాళ్లు ఒంట్లో వీఈజీఎఫ్ తగ్గుతుంది. రాణిబిజుమాబ్ త్వరగా పోతుంది, బెవాసిజుమాబ్ ఎక్కువ రోజులు ఉంటుంది. అందుకే వీలైనంత తక్కువ మోతాదు వాడాలని చూస్తున్నారు. మెదడు మీద దీర్ఘకాలంలో ప్రభావం ఏమిటన్నది ఇంకా పరిశోధనలో ఉంది. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను: ఇంజెక్షన్ తర్వాత జబ్బు నెలల తరబడి ఆగి మళ్లీ లేవగలదు, కాబట్టి పరీక్షలకి తిరగలేని కుటుంబమైతే లేజర్‌కే మొగ్గుచూపడం మంచిది. మీ డాక్టరుతో ఈ మాటే నేరుగా అనండి, "ఇన్ని నెలలు తిరగగలం, లేదా తిరగలేం" అని. ఆ నిర్ణయంలో అది పెద్ద విషయం.

మెడికల్ షాపులో డీహెచ్ఏ చుక్కలు ఇచ్చారు, కళ్లకి మంచిదని. నెలలు తక్కువ పాపకి వేయొచ్చా? నేను బాలింతని కదా, మా అత్త పాలు పడతాయని సొరచేప పుట్టు చేసి పెడుతున్నారు. అది మంచిదేనా?
– జాలారిపేట

డాక్టర్ని అడగకుండా చుక్కలు ఇచ్చిన షాపువాడి మీద నాకు కొంచెం కోపంగా ఉంది. ఆ చుక్కలు పక్కన పెట్టండి, పిల్లల డాక్టరు చెబితేనే.

డీహెచ్ఏ పనికిమాలినది అని కాదు. రెటీనా గోడల్లో ఎక్కువగా ఉండే కొవ్వు అదే, కడుపులో చివరి మూడు నెలల్లోనే మాయ దాన్ని బిడ్డకి కూరుతుంది, ముందే పుట్టిన బిడ్డకి ఆ నిల్వ ఉండదు. స్వీడన్‌లో 28 వారాల లోపు పిల్లలకి కిలోకి రోజుకి 50 మిల్లీగ్రాముల డీహెచ్ఏ, దాంతో పాటు 100 మిల్లీగ్రాముల అరాకిడోనిక్ ఆమ్లం అనే ఇంకో కొవ్వు కలిపి పట్టారు. 2021లో ఫలితాలు వచ్చాయి, తీవ్రమైన ఆర్‌ఓపీ 33 శాతం నుంచి 16 శాతానికి పడింది. తిండితో ఇంత తేడా రావడం మాలాంటి వాళ్లకి పండగే. కానీ గమనించండి, రెండు కొవ్వులూ కలిపి, అదీ మరీ చిన్న పిల్లలకి, ఆసుపత్రిలో. డీహెచ్ఏ ఒక్కటే ఎక్కువగా ఇచ్చిన ఇంకో పెద్ద పరిశోధన 2017లో ఆస్ట్రేలియా వాళ్లది, అందులో ఊపిరితిత్తుల జబ్బు తగ్గుతుందనుకుంటే తగ్గలేదు సరికదా కాస్త పెరిగినట్టు కూడా కనిపించింది. షాపు చుక్కల్లో మామూలుగా ఉండేది ఆ ఒక్కటే. అర్థమైంది కదా.

ఇక చేపలు. సముద్రం ఒడ్డున ఉన్నారు, మీకంటే అదృష్టవంతులు ఎవరు? తల్లి చేపలు తింటే పాలలో డీహెచ్ఏ పెరుగుతుంది. అత్తగారి ఆలోచన బాగుంది, చేప మార్చమనండి. సొర పెద్ద వేటచేప, సముద్రంలో చిన్న చేపలన్నిటినీ తిని పాదరసం ఒంట్లో పోగేసుకుంటుంది, అది పాలలోకీ కొంత వస్తుంది. పాలిచ్చే తల్లులు సొర తినకపోవడమే మంచిది. తరతరాలుగా బాలింతలకి పెడుతున్నారు కదా అంటారు, తెలుసు, ఎప్పుడో ఒకసారి తిన్నదానికి కంగారు పడక్కర్లేదు, కానీ నెలలు నిండని పాప ఉన్నప్పుడు వారం వారం వద్దు. హార్బర్‌లో కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు దొరుకుతాయి, ధర కూడా తక్కువ. ఈ చిన్న చేపల్లోనే మంచి కొవ్వు ఎక్కువ, పాదరసం తక్కువ. వారానికి రెండు మూడుసార్లు పులుసో, ఇగురో తినండి. వేపుడు కంటే పులుసు నయం.

పథ్యం పేరుతో పప్పు, పెరుగు, గుడ్డు, కూరలు మాన్పించి వెల్లుల్లి కారం అన్నం మాత్రమే పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బాలింతలకి పెట్టే కాయం తినండి, ఎవరూ వద్దనరు, కానీ పళ్లెంలో పప్పూ గుడ్డూ కూడా ఉండాలి.

క్యారెట్ జ్యూస్, పొన్నగంటికూర తింటే నా పాల ద్వారా బాబు కంటి నరాలు బాగుపడతాయా?
– పెందుర్తి

పొన్నగంటికూర నాకూ ఇష్టమే, తినండి. ఆర్‌ఓపీ మాత్రం దాంతో తగ్గదు. అది ఏ విటమిన్ లోపం వల్లా వచ్చేది కాదు.

నేను ఆశా కార్యకర్తని, పాడేరు దగ్గర. మా ఊళ్లో ఒక పాప 1500 గ్రాములతో పుట్టి, విశాఖలో మూడు వారాలు ఉండి ఇంటికొచ్చింది. కంటి పరీక్షకి మళ్లీ రమ్మన్నారు. అంత చిన్న కళ్లు విప్పి చూస్తారంటే తల్లి ఏడుస్తోంది, ఘాట్ రోడ్డులో అంతదూరం ఎందుకంటోంది. ఏం చెప్పాలి?

ముందు ఆ డిశ్చార్జి కాగితం మీద కంటి పరీక్ష తేదీ ఏదో చూడండి. లేకపోతే పుట్టిన తేదీకి 30 రోజులు కలిపి మీరే రాయండి, పెన్నుతో, పెద్దగా.

పరీక్ష ఇలా ఉంటుంది. వెళ్లాక కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు, మళ్లీ మళ్లీ వేస్తారు, ముప్పావుగంటో గంటో పడుతుంది. పరీక్షకి గంట ముందు నుంచి పాలు పట్టకూడదు, కక్కుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుడ్డలో గట్టిగా చుట్టి, మత్తు చుక్క వేసి, రెప్పలు పట్టి ఉంచే చిన్న క్లిప్పు పెట్టి, డాక్టరు తలకి లైటు కట్టుకుని లెన్స్‌లోంచి చూస్తారు. కొన్నిచోట్ల కెమెరాతో ఫొటోలు తీస్తారు. పాప ఏడుస్తుంది, అది నిజం, దాచొద్దు. కొద్ది నిమిషాలే. నాలుక మీద రెండు చుక్కల తల్లిపాలు వేస్తే కాస్త ఊరుకుంటుంది. తల్లి చూడలేనంటే బయట కూర్చోవచ్చు. తర్వాత కళ్లు కొంచెం ఎర్రగా ఉండి, ఆ రోజు వెలుతురు చూడలేదు, అంతే. చలిగాలి తగలకుండా తల్లి గుండెకి ఆనించుకుని తీసుకెళ్లడం అన్నిటికంటే మంచిది.

ఒక్కసారితో అయిపోదని కూడా ముందే చెప్పండి, లేకపోతే రెండోసారి రారు. నాళాలు అంచుదాకా చేరాయని డాక్టరు చెప్పేదాకా వారానికో, రెండు వారాలకో రావాలి. చాలామందికి ఏ వైద్యమూ అవసరం లేకుండానే సర్దుకుంటుంది.

డబ్బు గురించి: ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారీ పథకం) కింద పిల్లల్లో చూసే సమస్యల్లో ఆర్‌ఓపీ కూడా ఉంది. పాపని ఆ జాబితాలో రాయించి, పీహెచ్‌సీ డాక్టరు ద్వారా రిఫరల్ కాగితం తీసుకోండి. విశాఖలో కేజీహెచ్ పిల్లల వార్డులో అడిగితే కంటి పరీక్ష ఏ రోజు, ఎక్కడ అన్నది చెబుతారు. హనుమంతవాక జంక్షన్ దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ చూస్తారు. ఏదైనా సరే, బయల్దేరే ముందు ఫోన్ చేసి "ఇవాళ ఆర్‌ఓపీ చూసే డాక్టరు ఉన్నారా" అని ఆ పదమే వాడి అడగండి, మామూలు కంటి డాక్టర్లందరూ ఇది చూడరు. ఘాట్ దిగి వచ్చాక రేపు రమ్మంటే ఆ తల్లి మళ్లీ రాదు.

మా అబ్బాయికి చిన్నప్పుడు లేజర్ చేశారు. ఇప్పుడు నాలుగేళ్లు. బాగానే చూస్తున్నాడు, టీవీకి మాత్రం దగ్గరగా వెళ్తాడు. ఇంకా డాక్టరుకి చూపించాలా?
– ఎంవీపీ కాలనీ

చూపించాలి, ఈ వారమే. లేజర్ అయిన పిల్లలకి మైనస్ పవర్, మెల్ల, ఒక కన్ను బద్ధకించడం మామూలు పిల్లల కంటే ఎక్కువ. టీవీకి దగ్గరగా వెళ్లడం అంటే పవర్ వచ్చి ఉండొచ్చు. బద్ధకించిన కన్నుకి చిన్న వయసులో అద్దాలు, ప్యాచ్ పెడితే కోలుకుంటుంది, ఏడెనిమిదేళ్లు దాటితే కష్టమవుతుంది. చుక్కలు వేసి పవర్ చూడమనండి, రెటీనా అంచులు కూడా చూడమనండి, లేజర్ చేసిన రోజుల కాగితాలు ఉంటే తీసుకెళ్లండి. స్కూల్లో చేర్చేముందు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి.